పొలిమేర దాటేదాకా

డాక్టరుగారు మర్యాదగానే చెప్పారు. "ఇంక మేం చేసేదేమీ లేదమ్మా, ఇంటికి తీసుకెళ్లండి. అయినవాళ్ల మధ్య ప్రశాంతంగా ఉంటారు" అన్నారు. ఎంత తేలిగ్గా అనేశారో మహానుభావులు! ఇల్లున్నవాళ్లకి చెప్పాల్సిన మాట అది. మాకున్నదల్లా కూర్మన్నపాలెంలో మేడ మీద రెండు గదుల అద్దె పోర్షను. ఆ సంగతి ఆయనకెందుకని తలూపి బయటికొచ్చేశాను.

అంబులెన్సులోకి ఎక్కించాక మా ఆయన మాస్కు కిందికి లాక్కుని, "తాయారూ, మనింటికేనా?" అని అడిగారు.

"మనింటికేనండి. ముందు ఆ మాస్కు పెట్టుకోండి" అని కసిరాను. కసరకపోతే ఏడుపొచ్చేలా ఉంది.

ఊపిరితిత్తుల్లో గడ్డ. తెలిసేసరికే ముదిరిపోయింది. ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి వెళ్లి ఇనుప కడ్డీలు మోసిన మనిషి, స్ట్రెచరు మీద ఉన్నారో లేదో తెలియనంతగా చిక్కిపోయారు. ఆస్పత్రిలో చేరినప్పటి నుంచీ ఆయనది ఒకటే పాట. "నన్ను ఆస్పత్రిలో పోనివ్వకు తాయారూ. రోడ్డు మీద అసలే వద్దు. ఏదో ఒక చూరు కింద పోనీ."

ఊరికే అన్న మాట కాదది. మాది కోనసీమలో లంక ఊరు. వరద వచ్చినప్పుడల్లా గోదారి ఒడ్డు కోసుకుంటూ వచ్చి, ముందు కొబ్బరిచెట్లు, తర్వాత పశువుల పాక, చివరికి మా ఇల్లు కూడా పట్టుకుపోయింది. ఆ ఏడే మా మావగారు ఏటిగట్టు మీద, బరకం కింద, కుండపోత వానలో పోయారు. తండ్రి తలమీద పడే వానని ఆపలేకపోయానని ఈయన ఇప్పటికీ కుమిలిపోతారు. ఆ తర్వాతే మేం విశాఖపట్నం వచ్చిపడ్డాం. మా అమ్మాయి చంద్రిక ఇక్కడే పెరిగి, ఇప్పుడు హైదరాబాదులో నర్సింగు చదువుతోంది. పొద్దున ఫోను చేస్తే, సాయంత్రం రైలెక్కి తెల్లారేసరికి వచ్చేస్తానని ఏడ్చింది.

మా వీధిలోకి తిరిగేసరికి గేటు ముందు పందిరి రాట కనిపించింది. తాటాకులు కడుతున్నారు. ఈ వారంలో ఇంటివాళ్ల రెండో అమ్మాయి పెళ్లి. ఆస్పత్రి గొడవలో పడి నాకా సంగతే గుర్తులేదు.

ఇంటాయన నాంచారయ్యగారిది కృష్ణా జిల్లా. ఉక్కు ఫ్యాక్టరీలోనే పర్మినెంటు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. "ఇక్కడివాళ్లకి ఇవ్వనమ్మా, మన వైపు వాళ్లకే ఇస్తాను" అంటూ మాకు పోర్షనిచ్చారు. పండక్కి అరిసెలు పంపుకునేంత సఖ్యత మాది. ఆయన అంబులెన్సుని చూడగానే గేటు పూర్తిగా తియ్యకుండా, సందులోంచి బయటికొచ్చి చేతులు జోడించారు.

"తాయారమ్మా, నేను కాదనే మనిషినా చెప్పు? పందిరి రాట వేసేశాం. పైగా ఇవాళ శతభిషం. ధనిష్ఠా పంచకం నడుస్తోంది. ఈ నక్షత్రాల్లో ఇంట్లో ప్రాణం పోతే ఆ ఇల్లు నెలల తరబడి పాడుపెట్టాలి. పెళ్లికూతుర్ని ఏ గుమ్మంలోంచి పంపమంటావు?"

"ఆయనింకా పోలేదండి! బతికున్న మనిషండి! అద్దె కట్టుకుంటున్న ఇంటికి వస్తుంటే గేటేస్తారా?"

"గట్టిగా మాట్లాడకమ్మా. బండిలో ఉన్న కామరాజుకి వినబడుతుంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "వినబడాల్సిందంతా మీ దయవల్ల వినబడిందండి బాబుగారూ! మన వైపు వాళ్లం, మన వైపు వాళ్లం అని తెగ మురిసిపోయారు కదండీ! అరిసెలు తినడానికేనా మనవాళ్లం?"

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, అబద్ధం చెప్పను. "లాడ్జిలో గది నేను మాట్లాడతానమ్మా" అన్నారు.

"చచ్చిపోవడానికొచ్చామంటే ఏ లాడ్జివాడిస్తాడండీ?" అన్నాను. ఆయన తల వంచుకున్నారు. గేటు మాత్రం తియ్యలేదు.

రోడ్డు పక్కన బండి ఆపించి ఫోన్లు చేశాను. ఈయనతో కలిసి పనిచేసినవాళ్లలో ఒకరు "క్వార్టర్సులో పక్కవాళ్లు ఊరుకోరు వదినా" అన్నారు. ఇంకొకరి భార్య ఎత్తి, ఆయన డ్యూటీకెళ్లారని చెప్పింది. ఆ వెనకాలే ఆయన దగ్గు వినిపించింది. మూడో ఫోను ఎవరూ ఎత్తలేదు. ఎవరినని ఏం లాభం, అందరివీ అద్దె బతుకులే.

డ్రైవరు త్రినాథరావు వెనక్కి తిరిగి చూశాడు. "అమ్మా, సిలిండరు ఎంతోసేపు రాదు. ఎక్కడికి తోలీమంటారో సెప్పీండి. పోనీ పెద్దాసుపత్రికే తిప్పీనా?"

"వద్దు" అన్నారు మా ఆయన. మాస్కు లోపలినుంచి ఆ ఒక్క మాటే బయటికొచ్చింది. నా చెయ్యి పట్టుకోబోయి, బలం చాలక వదిలేశారు. అంత పెద్ద ఊళ్లో, అన్ని మేడల మధ్య, ఒక మనిషి ప్రాణం వదలడానికి మంచమంత చోటు లేదు. నాకు ఆ క్షణంలో ఊరి మీద, దేవుడి మీద, చివరికి ఆయన మీద కూడా కోపమొచ్చింది. ఆస్పత్రిలోనే పోతే ఈ అవమానం ఉండేది కాదు కదా అనిపించింది. అలా అనిపించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

"ఏటి సెల్లీ, బండి ఇక్కడాగిపోనాదేటి?"

తలెత్తితే పోతమ్మ. నెత్తిమీద తట్ట, తట్టలో ఎండు నెత్తళ్లు. పరవాడ దాటాక సముద్రం ఒడ్డున వాళ్ల పల్లె. ఆటో ఎక్కి వచ్చి మా వీధుల్లో చేపలమ్ముతుంది. వేట నిషేధం నెలల్లో పచ్చి చేపలుండవు కాబట్టి ఎండువి తెస్తుంది. నాకూ ఆవిడకీ బేరం దగ్గర రోజూ జగడమే. "మీ గోదారోల్లు సేపని కొనరు, కోర్టుకీడుత్తారు" అని ఆవిడ, "మీ సముద్రం చేప ఉప్పు బస్తా" అని నేను. మా ఆయనైతే ఇంకా ఘోరం. లుంగీ ఎగ్గట్టి కిందికి దిగి, చేప మొప్పలు ఎత్తి చూసి, "అప్పా, ఇది ఐసులో పెట్టిన చేప కాదు కదా? ఐసు చేపైతే నాకొద్దు, ఒట్టెయ్" అనేవారు. "ఒట్టు తమ్ముడూ, ఇప్పుడే వల్లోంచి దిగినాది" అని ఆవిడ ఒట్టేసేది. ఇద్దరూ నవ్వుకునేవారు, ఎందుకంటే అది ఐసు చేపేనని ఇద్దరికీ తెలుసు.

నేను సంగతి చెప్పేలోపే పోతమ్మ బండిలోకి తొంగి చూసింది. తట్ట కింద పెట్టి, ఆయన కాలి మీద చెయ్యి వేసింది.

"ఓలమ్మో, తమ్ముడేటి ఇలాగైపోనాడు! ఇంటికి తీసుకెల్లక రోడ్డుమీద ఎట్టుకు కూకున్నావేటే?"

"ఏ ఇంటికి?" అన్నాను. గేటు వైపు చెయ్యి చూపించాను.

పోతమ్మ గేటుకేసి చూసింది, పందిరికేసి చూసింది. తర్వాత తట్ట ఎత్తి బండిలోకి తోసి, తనూ ఎక్కి కూర్చుంది. "బాబూ, పరవాడ రోడ్డు ఎక్కీ. మా ఊరెల్దుం."

"నీకేం పిచ్చా అప్పా? రెండు నెలల నిషేధం అయ్యి రేపే మీ పడవలు వేటకెళ్లేది. మీవాళ్లు ఒప్పుకుంటారా?"

"నా మొగుడు ఇంటికి రానేదు సెల్లీ. సంద్రం ఉంచీసుకుంది. సవం కూడా నేదు, ఏడవడానికి. నీవోడు నీ సేతుల్లో ఉన్నాడు. ఒక గుమ్మం దాటించనేకపోతే ఎలాగే?" అని నామీదే విసుక్కుంది. మళ్లీ ఆయన మీదికి వంగి, "తమ్ముడూ, మా ఇంటికెల్తన్నాం. తాటాకు కొంపే, నీకు పర్నేదా?" అని అడిగింది.

ఆయన కళ్లు తెరిచారు. పెదాలు కదిలాయి. నవ్వారనే అనుకుంటాను.

లంకెలపాలెం దగ్గర జాతీయ రహదారి దిగి పరవాడ వైపు తిరిగాం. ఒక పక్కన కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు, ఇంకో పక్కన మందుల కంపెనీల ఘాటు వాసన. త్రినాథరావు బూతులు తిట్టుకుంటూ లారీల మధ్యలోంచి తోలుతున్నాడు. నేను మాస్కునే చూస్తున్నాను. ఆయన ఊపిరి వదిలినప్పుడల్లా లోపల ఆవిరి పట్టి, మళ్లీ పోతోంది. ఆవిరి పట్టినంతసేపూ నేనూ బతుకుతున్నాను.

పరవాడ దాటి, జీడితోటల మధ్య గతుకుల రోడ్డులోకి దిగాక, ఆవిరి మళ్లీ పట్టలేదు.

నేను ఎదురు చూశాను. ఇంకా చూశాను. "ఏవండీ" అని పిలిచాను. మాస్కు అద్దంలా తేటగా ఉండిపోయింది. సిలిండరులోంచి గాలి మాత్రం బుస్సుమని వస్తూనే ఉంది. నా కడుపులోంచి కేక పైకి వస్తుండగా పోతమ్మ చెయ్యి నా నోటి మీద పడింది. ఎండుచేపల వాసన, ఉప్పు.

"ఏడవకే. సెల్లీ, నీకు దండమెడతాను, ఏడవకు" అంది చెవిలో. "బయట పోయిన సవాన్ని మా పొలిమేర దాటనివ్వరే. ఊరి మొదట్లోనే పోలమ్మ తల్లి గుడి. రేపు వేట గదా, ఇయ్యాల ఊరంతా అక్కడే ఉంటాది. సచ్చిపోనాడని తెలిత్తే ఇసకలో దింపీమంటారు. తమ్ముడు ఉన్నాడు. విన్నావా? ఉన్నాడు. ఇంట్లోకెల్లేదాకా ఉన్నాడు."

అద్దంలో త్రినాథరావు కళ్లు మా ఇద్దర్నీ చూశాయి. వాడికి అర్థమైందని నాకు అర్థమైంది. నేను చేతులు జోడించాను. వాడు హారను మోగించుకుంటూ వేగం పెంచాడు.

గుడి ముందు నిజంగానే ఊరంతా ఉంది. పసుపు రాసిన ముఖాలు, డప్పు, అమ్మవారికి పోసిన చల్దన్నం. ఆ వెనకాల ఇసుక మీద పడవలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటిలో ఐసు పెట్టెలు ఎక్కిస్తున్నారు. బండికి అడ్డంగా ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. పోతమ్మకి వరసకి బావ, ఆ ఊరి పెద్ద, పేరు అర్జునరావు.

"ఎవులే ఆ బండిలో?"

"నా తమ్ముడు బావా. ఒంట్లో బాగోనేదు. నాల్దినాలు ఇంటికి తెత్తన్నాను."

"నీకు తమ్ముడేటే? ఎప్పుడూ విన్నేదు."

"ఇప్పుడు విన్నావు గదా! ముందు దారొగ్గీ, మనిసికి ఊపిరాడక సత్తంటే ఈ ఆరాలేటి?" అని పోతమ్మ గయ్యిమంది. గొంతు కొంచెం కూడా వణకలేదు.

అర్జునరావు వెనక తలుపు దగ్గరికొచ్చాడు. మా ఆయన ముఖం మీద నా కొంగు పడేలా వంగి, మాస్కు సవరిస్తున్నట్టు నటించాను. నా నోటికి ఎలా వచ్చిందో తెలియదు, మాట్లాడటం మొదలుపెట్టాను. "వచ్చేశామండి. ఇదిగో, ఊళ్లోకి వచ్చేశాం. ఇంకొంచెం ఓర్చుకోండి. గాలి తగులుతోందా? సముద్రం గాలండి. చంద్రిక కూడా సాయంత్రం రైలెక్కేస్తుంది..." అప్పటికి ఆయన చెయ్యి నా చేతిలో బరువుగా వేలాడుతోంది. పెళ్లినాటి నుంచీ ఆ చెయ్యి నేను మాట్లాడితే చాలు, ఆపమన్నట్టు కదిలేది. ఇప్పుడు కదల్లేదు.

"అమ్మా, మనిసి ఉన్నాడా?" అని నన్నే అడిగాడు అర్జునరావు.

"ఉన్నారండి" అన్నాను, అర్జునరావు కళ్లల్లోకి చూసి.

"అమ్మోరి ఎదుట అడుగుతన్నాను పోతమ్మా. రేపు మన పిల్లలు సంద్రం మీదకెల్తన్నారు. నీ నాగబాబూ ఎల్తన్నాడు."

పోతమ్మ గుడి వైపు చూసింది. అమ్మవారి ముఖం మీద కుంకుమ కారుతోంది. మొగుణ్ణి సముద్రానికిచ్చిన మనిషి, ఉన్న ఒక్క కొడుకునీ మర్నాడు అదే సముద్రం మీదికి పంపబోతున్న మనిషి. చెయ్యి చాచి, "ఉన్నాడు. పోలమ్మ తోడు" అంది.

అర్జునరావు పక్కకి జరిగాడు. బండి కదిలింది. పొలిమేర రాయి దాటుతుంటే పోతమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ ఒళ్లంతా జ్వరమొచ్చినట్టు వణుకుతోంది.

ఇంటి ముందు పోతమ్మ కొడుకు నాగబాబు, త్రినాథరావు కలిసి ఆయన్ని లోపలికి మోశారు. మోస్తుండగానే నాగబాబు ముఖం మారిపోయింది. రోజూ బరువులెత్తేవాడికి ప్రాణం లేని బరువు తెలియదా? తల్లికేసి చూశాడు. పోతమ్మ కళ్లతోనే ఊరుకోమంది. వాడు పళ్లు కొరుక్కుంటూ, చూరు కింద తల వంచి, గుమ్మం దాటించి, నులక మంచం మీద పడుకోబెట్టి, విసురుగా బయటికి పోయాడు.

పోతమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. వీధికి వినబడేలా, "తాగు తమ్ముడూ, కొంచెం తాగు" అంటూ ఆయన పెదాల మీద పోసింది. నీళ్లు పక్కకి కారిపోయాయి. కొంగుతో తుడిచింది. తర్వాత మాస్కు తీసి, కనురెప్పలు మూసి, నా వైపు తిరిగింది.

"అయిపోనాది. ఇప్పుడేడువు సెల్లీ. నీ ఇట్టం వచ్చినంతసేపు ఏడువు."

నాకు ఏడుపు రాలేదు. ఎక్కడో పరవాడ రోడ్డులో మింగిన కేక అక్కడే ఉండిపోయింది. గోడకానుకుని తాటాకు కప్పుకేసి చూస్తూ కూర్చున్నాను. "చూరు కిందే ఉన్నారండి" అని చెప్పుకున్నాను. పోతమ్మే నా బదులు గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపుకి వీధి వీధంతా వచ్చింది, అర్జునరావు కూడా వచ్చాడు.

"ఎప్పుడు పోనాడే?"

"ఇప్పుడే బావా. నీల్లోసినాక."

అర్జునరావు మంచం దగ్గరికొచ్చి, ఆయన చెయ్యి ఎత్తి, మెల్లగా కింద పెట్టాడు. పోతమ్మకేసి చాలాసేపు చూశాడు. ఆవిడ తల దించుకుంది. సముద్రం ఒడ్డున ఎన్ని శవాల్ని చూసినవాడో, ఇంకేం అడగలేదు.

"మనూల్లో పోనాడు గదా. మనోడే" అన్నాడు గుమ్మంలోకి వెళ్లి, బయటివాళ్లతో. "ఈదిలో సవముండగా పడవ తోయం. మైల తీరేదాకా వేట నేదు. ఐసు దింపీండి."

బయట గోల లేచింది. రెండు నెలలుగా పొయ్యి సరిగ్గా వెలగని ఇళ్లు అవి. రేపటి వేట కోసం కళ్లల్లో వత్తులేసుకుని చూస్తున్నవాళ్లు. ఎవరో ఆడమనిషి శాపనార్థాలు పెట్టింది. "ఏ ఊరోడో మన నోటికాడ కూడు తీసేసినాడు" అంది. నిజమే కదా. వెళ్లి వాళ్ల కాళ్ల మీద పడాలనిపించింది. ఆయన పొలిమేర బయటే పోయారని అరిచి చెప్పాలనిపించింది. చెబితే పోతమ్మ ఒట్టు ఏమవుతుందో, నాగబాబు ఏమవుతాడో అని పెదవి కొరుక్కున్నాను.

కాసేపటికి నాగబాబు మళ్లీ వచ్చాడు. భుజం మీద ఐసు పెట్టె. వెనకాల ఇంకో ఇద్దరు, వాళ్ల భుజాల మీదా పెట్టెలే. పడవలోంచి దింపినవి. తల్లి ముఖం చూడకుండా, "పిల్ల తెల్లారగట్ల గదా వత్తాది. ఈ ఎండకి ఉండొద్దా మనిసి?" అన్నాడు. పెట్టె దించి, మంచం కింద పొట్టు పోసి, దాని మీద ఐసు పరిచాడు. మిగతావాళ్లు ఆయన పక్కన, కాళ్ల దగ్గర, తల దగ్గర ముక్కలు పేర్చారు. చేపల కోసం కొన్న ఐసు. శాపనార్థాలు పెట్టిన ఆడమనిషి కూడా వచ్చి, గోనెపట్టా కప్పి వెళ్లిపోయింది.

పోతమ్మ ఒక ముక్క తీసుకుని ఆయన చెంప పక్కన పెట్టింది. అది జారితే మళ్లీ సర్దింది. ముఖం మీదికి వంగి, రోజూ వీధిలో బేరమాడే గొంతుతోనే అంది:

"ఐసంటే నీకు పడదు గదా తమ్ముడూ. ఈ ఒక్కసారికీ ఏటనుకోకు."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. పరవాడ రోడ్డు నుంచి గొంతులో ఉండిపోయిన కేక ఒక్కసారిగా బయటికొచ్చింది. పోతమ్మ నన్ను పట్టుకుంది. మంచం కింద ఐసు కరిగి, గుమ్మం దాటి, వీధిలోకి నీళ్లు పారుతున్నాయి.